‘కోర్సు’ అనే ఒక్క మాట, మూడు టేబుల్స్: ఒక ఈఆర్ మోడలింగ్ కేస్ స్టడీ

ఫోన్‌లో వాళ్లు చెప్పిన సమస్య చిన్నదే. ఒక విద్యార్థి ఫీజు కట్టాడు, రసీదు అతని చేతిలో ఉంది, సిస్టమ్‌లో మాత్రం ఆ చెల్లింపు కనపడటం లేదు. ఏదో రిపోర్టులో ఫిల్టర్ తప్పు పడి ఉంటుంది, గంటలో తేలిపోతుందిలే అనుకుని వెళ్లాను. గంటలోనే తేలింది. తేలిన సంగతి చూశాక మాత్రం ఆ డేటాబేస్‌ను మొదటి నుంచి గీయక తప్పలేదు.

అదొక మధ్యస్థాయి శిక్షణ సంస్థ. అకౌంటింగ్, ప్రోగ్రామింగ్, డిజైన్ లాంటివి నేర్పుతారు. సాఫ్ట్‌వేర్ ఎవరో ఎప్పుడో రాసిచ్చి వెళ్లిపోయారు. విద్యార్థులకు ఒక టేబుల్, కోర్సులకు ఒకటి, చేరికలకు ఒకటి, చెల్లింపులకు ఒకటి. పైపైన చూస్తే పద్ధతిగానే ఉంది.

చేరికల టేబుల్‌కి ప్రైమరీ కీ (ఒక్కో వరసను విడిగా గుర్తించే, రెండోసారి రాకూడని విలువ) విద్యార్థి ఐడీ, కోర్సు ఐడీ కలిపి. క్లాసులో ఎవరైనా నేర్పే కీ అదే. మన విద్యార్థి చివరి పరీక్ష తప్పి, అదే కోర్సులో మళ్లీ చేరాడు. ఫ్రంట్ డెస్క్ మేడమ్ ఎంట్రీ కొడితే డూప్లికేట్ అని ఎర్రర్ వచ్చింది. ఆమె దగ్గర దానికో ఉపాయం ఉంది: పాత చేరికను డిలీట్ చేసి కొత్తది ఎక్కించడం. అటు చెల్లింపుల టేబుల్‌లోని ఫారిన్ కీకి, అంటే ఈ చెల్లింపు ఏ చేరికదో చూపించే కాలమ్‌లకి, ‘ఆన్ డిలీట్ క్యాస్కేడ్’ పెట్టి ఉంది: చేరిక పోతే దాన్ని చూపించే చెల్లింపులూ పోవాలని. పాత చేరిక పోయింది, దాని వెనకాలే పాత వాయిదాలన్నీ పోయాయి. ఎర్రరూ లేదు, హెచ్చరికా లేదు.

“ఇలా ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారండీ?” అని అడిగాను.

“నేను చేరినప్పటి నుంచీ ఇంతే సార్. అలా చేయకపోతే ఎక్కదు కదా.”

నాకు చెమటలు పట్టాయి. ఆమె తప్పేమీ లేదు. సిస్టమ్ తలుపు వేసేస్తే కిటికీలోంచి పని కానిచ్చింది, అంతే. పోయిన చెల్లింపుల్లో చాలావరకు నెలవారీ బ్యాకప్‌ల నుంచి, రసీదు పుస్తకాల నుంచి తిరిగి ఎక్కించాం. అదంతా వేరే కథ, విసుగు పుట్టించే కథ కూడా.

అసలు ప్రశ్న వేరే. ఆ ప్రైమరీ కీ ఒక నియమం చెబుతోంది: ఒక విద్యార్థి ఒక కోర్సులో జీవితంలో ఒక్కసారే చేరగలడు. ఈ నియమం ఎవరు పెట్టారు? డైరెక్టర్ గారిని అడిగితే నవ్వేశారు. “పరీక్ష తప్పినవాళ్లు మళ్లీ చేరితేనే కదండీ మాకు మంచిది!” అంటే సంస్థలో ఎవరూ ఆ నిర్ణయం తీసుకోలేదు. టేబుల్ రాసిన రోజున, రాసినవాళ్లకు కూడా తెలియకుండా, అది జరిగిపోయింది. ఎంటిటీ-రిలేషన్‌షిప్ (ఈఆర్) మోడలింగ్‌తో నాకున్న పని ఇదే. టేబుల్ మన తరఫున నిర్ణయం తీసేసుకోకముందే, ఆ నిర్ణయాన్ని కాగితం మీద బొమ్మగా గీసి, పని తెలిసినవాళ్ల ముందు పెట్టి “ఇది నిజమేనా?” అని అడగడం.

బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది

1970లో ఐబీఎమ్ పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ ప్రతిపాదించాడు. డేటా అంతా టేబుల్స్‌లో, వాటి మధ్య లింకులు విలువల ద్వారానే. గణితంగా శుభ్రమైన ఆలోచన. కానీ టేబుల్‌ని చూసి ఇది లోకంలోని వస్తువా, రెండు వస్తువుల మధ్య సంబంధమా అని చెప్పడం కష్టం. రెండూ ఒకేలా వరసలు, నిలువులే. 1976లో కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ చెన్ తన వ్యాసంలో ఆ తేడాను ముందుకు తెచ్చాడు. ఎంటిటీ అంటే మనం విడిగా గుర్తుపట్టగలిగేది, రిలేషన్‌షిప్ అంటే ఎంటిటీల మధ్య ముడి, అట్రిబ్యూట్ అంటే వాటి గురించి మనం రాసుకునే వివరం. ఆయన పేరుతో వాడుకలో ఉన్న గుర్తుల్లో ఎంటిటీకి దీర్ఘచతురస్రం, రిలేషన్‌షిప్‌కి డైమండ్, అట్రిబ్యూట్‌కి అండాకారం. ఇప్పుడు టూల్స్‌లో ఎక్కువగా కనిపించేది క్రోస్ ఫుట్ పద్ధతి. అందులో గీత చివర సున్నా ఉంటే ‘లేకపోవచ్చు’, అడ్డగీత ఉంటే ‘ఒకటి’, కాకి కాలిలా మూడు పాయలు ఉంటే ‘అనేకం’.

ఏ గుర్తులు వాడాలన్న వాదనలో నేను తలదూర్చను. ఇక్కడ మాత్రం వైట్‌బోర్డు మీద చెన్ డైమండ్లతోనే మొదలుపెట్టాను. డైమండ్‌లో క్రియాపదం రాస్తాం: ‘చేరుతాడు’, ‘బోధిస్తారు’. డేటాబేస్ తెలియనివాళ్లు కూడా దాన్ని వాక్యంలా చదివేస్తారు. తప్పుంటే వాళ్లే పట్టుకుంటారు.

మూడు కోర్సులు

మొదటి రోజు నేను చేసింది ఒక్కటే. ఆఫీసులో కూర్చుని వాళ్ల మాటలు విన్నాను. గంటలో ‘కోర్సు’ అనే మాట ఈ మూడు రకాలుగా వినపడింది.

“ఈ కోర్సు మూడు నెలలండీ.”

“కోర్సు మొన్న సోమవారం మొదలైపోయింది, ఇక చేర్చుకోం.”

“ఇవాళ కోర్సు లేదు, సార్ రాలేదు.”

మొదటిది సిలబస్. పేరు, వ్యవధి, ఫీజు ఉంటాయి. ఎవరూ చేరకపోయినా అది ఉంటుంది. రెండోది బ్యాచ్. దానికి మొదలయ్యే తేదీ, గది, సీట్ల సంఖ్య ఉంటాయి. మూడోది ఒక రోజు జరిగే తరగతి. మాట ఒకటే, వస్తువులు మూడు. పాత డేటాబేస్‌లో ఈ మూడింటికీ కలిపి ఒకే టేబుల్. కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా అందులో ప్రారంభ తేదీ మార్చేసేవారు. దాంతో పాత బ్యాచ్ విద్యార్థులు కూడా కొత్త తేదీనే చేరినట్టు సర్టిఫికెట్లు ప్రింటయ్యేవి. ఇన్నాళ్లూ చేత్తో దిద్దుకుంటూ వచ్చారట!

ఏది ఎంటిటీ, ఏది కాదు అని తేల్చడానికి నేను వాడే పరీక్ష చాలా మొరటుది. “అలాంటివి రెండు ఉంటే, ఇది వేరు అది వేరు అని ఎలా చెబుతారు?” అని అడుగుతాను. సమాధానం వస్తే అది ఎంటిటీ అయ్యే అవకాశం ఉంది. తర్వాత రెండో ప్రశ్న: “దాని గురించి విడిగా రాసుకోవాల్సింది ఏమైనా ఉందా?” గది సంగతి ఇక్కడే తేలింది. గదికి పేరు తప్ప మరేమీ అక్కర్లేదన్నారు, కాబట్టి బ్యాచ్‌లో అట్రిబ్యూట్‌గా సరిపోయింది. రేపు ఏ గదిలో ఎన్ని కంప్యూటర్లున్నాయో రాసుకోవాలనుకుంటే అది ఎంటిటీ అవుతుంది. అప్పటిదాకా అనవసరపు టేబుల్ ఎందుకు?

కోర్సును, బ్యాచ్‌ను విడగొట్టేసరికి మొదటి సమస్య సగం తీరిపోయింది. విద్యార్థి చేరేది కోర్సులో కాదు, బ్యాచ్‌లో. అదే కోర్సు ఇంకో బ్యాచ్‌లో మళ్లీ చేరొచ్చు.

ఇక్కడ ఒక జూనియర్ సహోద్యోగి “చేరికకి ఒక ఆటో నంబర్ ఐడీ పెట్టేస్తే కీ గొడవ ఉండదు కదా అన్నా” అన్నాడు. ఐడీ పెట్టాం. కానీ అంతటితో వదిలేస్తే పాత తప్పుకు అటువైపు తప్పు చేసినట్టే. బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే మనిషి ఒకే బ్యాచ్‌లో రెండుసార్లు చేరిపోతాడు. అందుకే మళ్లీ అడిగాను: మధ్యలో మానేసి అదే బ్యాచ్‌కి తిరిగొస్తే అది కొత్త చేరికా, పాతదేనా? పాతదే, స్థితి మాత్రం మారుతుందన్నారు. దాంతో ఐడీతో పాటు విద్యార్థి, బ్యాచ్ జంట మీద యూనీక్ నిబంధన (అదే జంట రెండోసారి రాకూడదని) కూడా పెట్టాం. ఆటో నంబర్ కీ పనిని తేలిక చేస్తుంది, నియమాన్ని రాయడం మాత్రం మన పనే.

‘ఎప్పుడైనా’ అనే ప్రశ్న

కార్డినాలిటీ, అంటే ఒకదానికి అవతలివి ఎన్ని ఉండొచ్చన్నది, అడగడంలో చాలామంది చేసే పొరపాటు నేనూ చేశాను.

“ఒక బ్యాచ్‌కి టీచర్ ఒక్కరేనా?”

“ఒక్కరే సార్.”

గీత గీశాను: ఒక టీచర్‌కి అనేక బ్యాచ్‌లు, ఒక బ్యాచ్‌కి ఒకే టీచర్. ఇరవై నిమిషాల తర్వాత జీతాల గురించి మాట్లాడుతుంటే అదే మేడమ్ అన్నారు, “సెలవు పెడితే వేరేవాళ్లు తీసుకుంటారు కదా, ఆ క్లాసుల డబ్బులు వాళ్లకి లెక్కకట్టాలి.” ఇందాక అబద్ధం చెప్పారా? లేదు. నేను అడిగింది మామూలుగా జరిగేది, ఆమె చెప్పింది అదే. డేటాబేస్‌కి కావాల్సింది మామూలు కాదు, ఎప్పుడో ఒకసారి జరిగేది కూడా. అప్పటి నుంచి ప్రశ్న మార్చాను: “ఎప్పుడైనా ఇద్దరు ఉన్నారా? అసలు ఎవరూ లేకుండా ఎప్పుడైనా ఉందా?” రెండో భాగం కనీస సంఖ్య కోసం. టీచర్ ఖరారు కాకుండానే బ్యాచ్ ప్రకటిస్తారట. కాబట్టి ఆ వైపు సున్నా ఉండాలి, కాలమ్ ఖాళీగా ఉండటానికి ఒప్పుకోవాలి.

చివరికి టీచర్ ముడి రెండు చోట్ల పడింది. బ్యాచ్‌కి బాధ్యుడు ఒకరు, తరగతికి నిజంగా పాఠం చెప్పినవారు ఒకరు. రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ, మొదటిది ప్రణాళిక, రెండోది జరిగినది. జీతం రెండోదాని నుంచే లెక్కగడతారు.

ఇదంతా ఇంటర్వ్యూల్లో కన్నా వాళ్ల హాజరు పుస్తకంలో ఎక్కువ దొరికింది. ఏ ఆఫీసుకి వెళ్లినా కాగితం రిజిస్టర్ అడిగి మార్జిన్లు చూస్తాను. సిస్టమ్‌లో పట్టని నిజాలన్నీ మార్జిన్లలోనే పెన్సిలుతో ఉంటాయి. ఈ పుస్తకంలో కొన్ని పేర్ల పక్కన చిన్న చుక్కలున్నాయి. ఆ చుక్కలు మాకు రెండు రోజుల పని పెట్టాయి.

హాజరు, చుక్కలు

తరగతి ఒక బలహీన ఎంటిటీ. ‘7వ తరగతి’ అంటే ఏదో తెలియదు, ఫలానా బ్యాచ్‌లో 7వది అంటేనే అర్థం. బ్యాచ్ లేకపోతే తరగతికి గుర్తింపే లేదు. బొమ్మలో దానికి జంట గీతల పెట్టె. టేబుల్‌లో దాని కీ బ్యాచ్ ఐడీ, తరగతి నంబర్ కలిపి. తరగతి వాయిదా పడితే తేదీ మారుతుంది, నంబర్ అలాగే ఉంటుంది.

హాజరు ఎవరికీ ఎవరికీ మధ్య? అందరూ ముందు చెప్పేది విద్యార్థికీ తరగతికీ మధ్య అని. అలా గీస్తే ఆ బ్యాచ్‌లో లేని మనిషికి కూడా హాజరు వేయొచ్చు, డేటాబేస్ కాదనదు. కాబట్టి హాజరును చేరికకూ తరగతికీ మధ్య పెట్టాం. అయినా ఒక సందు మిగిలింది: ఉదయం బ్యాచ్‌లోని చేరికకు సాయంత్రం బ్యాచ్ తరగతిలో హాజరు పడొచ్చు. ఆ సందు మూయడానికి ఒక పాత చిట్కా ఉంది. హాజరు టేబుల్‌లో బ్యాచ్ ఐడీ కాలమ్ ఒక్కటే ఉంచి, దాన్నే రెండు ఫారిన్ కీలలో వాడటం. బ్యాచ్ ఐడీ, విద్యార్థి ఐడీ కలిసి చేరికను చూపిస్తాయి. బ్యాచ్ ఐడీ, తరగతి నంబర్ కలిసి తరగతిని చూపిస్తాయి. కాలమ్ ఒకటే కాబట్టి రెండు చోట్లా బ్యాచ్ ఒకటే అయి తీరాలి. ప్రోగ్రామ్‌లో ఒక్క లైను రాయకుండా తప్పు ఎక్కకుండా పోయింది. ఈ చిట్కా పనిచేయడానికి ఇందాకటి విద్యార్థి, బ్యాచ్ యూనీక్ నిబంధన తప్పనిసరి, ఎందుకంటే ఫారిన్ కీ చూపించే చోట విలువలు యూనీక్‌గా ఉండాలి.

నేను గర్వంగా బోర్డు మీద చూపిస్తుంటే మేడమ్ చెయ్యెత్తారు.

“మరి చుక్కలవాళ్లు ఎలా సార్?”

“చుక్కలేంటండీ?”

“క్లాసు మిస్సయినవాళ్లు వేరే బ్యాచ్‌లో కూర్చుంటారు కదా. వాళ్లకి చుక్క పెడతాం.”

నేను కట్టిన గోడను ఆ చుక్కలు సరిగ్గా మధ్యలో పగలగొట్టాయి. రెండు దారులున్నాయి. నిబంధన తీసేసి ఎవరికైనా ఎక్కడైనా హాజరు వేయనివ్వడం ఒకటి. మామూలు హాజరును కట్టుదిట్టంగా ఉంచి, చుక్కను విడి రిలేషన్‌షిప్‌గా గీయడం రెండోది. రెండోదే ఎంచుకున్నాం. ‘భర్తీ హాజరు’ అని ఒక టేబుల్ పెట్టాం. ఎవరి ఏ గైర్హాజరు, వేరే బ్యాచ్‌లోని ఏ తరగతితో భర్తీ అయింది అన్నది అందులో ఉంటుంది. అరుదైన సందర్భం కోసం రోజూ జరిగే పనికున్న రక్షణను తీసేయకూడదని నా అభిప్రాయం. మా టీమ్‌లో అందరూ ఒప్పుకోలేదు. ఒక టేబుల్ పెరిగింది, రిపోర్టు క్వెరీ (డేటాబేస్‌ను డేటా అడిగే ఆదేశం) కాస్త పొడుగైంది. అది నిజమే.

త్వరగా తేలినవి

ఫోన్ నంబర్ యూనీక్ అని పాత డేటాబేస్ పట్టుబట్టింది. తండ్రి నంబర్‌తో ఇద్దరు అన్నదమ్ములు చేరితే రెండోవాడి నంబర్ చివర ఒక సున్నా తగిలించేవారు. అతనికి ఒక్క మెసేజ్ కూడా వెళ్లలేదన్నది అప్పుడు బయటపడింది. ఒకరికి ఎన్ని నంబర్లైనా ఉండొచ్చు, కాబట్టి ఫోన్ విడి టేబుల్‌లోకి వెళ్లింది. నంబర్ అంటే మనిషిని చేరే దారి, మనిషి గుర్తింపు కాదు.

వయసు తీసేసి పుట్టిన తేదీ పెట్టాం. బకాయి కూడా అంతే, లెక్కగట్టే విలువ కాబట్టి కాలమ్ పెట్టలేదు. ఫీజు మాత్రం రెండు చోట్ల ఉంది, అది పొరపాటు కాదు. కోర్సులోని ఫీజు నేటి ధర, చేరికలోని ఫీజు ఆ మనిషితో ఆ రోజు ఒప్పుకున్న ధర. ధర పెంచినప్పుడు పాతవాళ్ల బకాయిలు పెరగకూడదు కదా.

ఫలానా కోర్సుకు ముందు ఫలానా కోర్సు చదివి ఉండాలన్నది కోర్సు తనతో తానే పెట్టుకున్న సంబంధం. రెండు కాలమ్‌లూ కోర్సు టేబుల్‌నే చూపించే చిన్న టేబుల్ సరిపోయింది.

పాత విద్యార్థి ఒకరు టీచర్‌గా చేరారు. ఆమెకు రెండు రికార్డులు, రెండు చిరునామాలు, అందులో ఒకటి పాతది. దానికోసం ‘వ్యక్తి’ అనే ఎంటిటీ పెట్టి, విద్యార్థి, టీచర్ రెండూ దాని పాత్రలన్నాం. ఈ ఉత్సాహంలో స్పాన్సర్ సంస్థలనూ, సరఫరాదారులనూ అందులోనే కలిపేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. అన్నీ పట్టే పెట్టెలో ఏదీ దొరకదు.

బొమ్మ నుంచి టేబుల్‌కి

ఇది దాదాపు యాంత్రికమైన పని. ఒకటికి అనేకం అయితే ‘అనేకం’ వైపు టేబుల్‌లో ఫారిన్ కీ. అనేకానికి అనేకం అయితే మధ్యలో ఒక టేబుల్, ఆ రిలేషన్‌షిప్‌కి సొంత వివరాలుంటే (చేరిక తేదీ, ఒప్పుకున్న ఫీజు) అవి అందులోనే. తప్పనిసరి అయితే ఖాళీకి ఒప్పుకోని కాలమ్. బొమ్మలో సులువుగా గీసి టేబుల్‌లో రాయలేనిది ఒకటుంది: ‘ప్రతి బ్యాచ్‌కి కనీసం ఒక తరగతి ఉండాలి’ లాంటిది. మామూలు ఫారిన్ కీ దాన్ని పట్టుకోలేదు, ప్రోగ్రామ్ చూసుకోవాల్సిందే. క్యాస్కేడ్లన్నీ తీసేసి రిస్ట్రిక్ట్ పెట్టాం. చెల్లింపు ఉన్న చేరికను ఇప్పుడు ఎవరూ తుడిచేయలేరు. ఇంకొక చిన్న సంగతి: పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఫారిన్ కీ కాలమ్‌కి ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) దానంతట అది రాదు, మనమే వేయాలి. మైఎస్‌క్యూఎల్ అనే మరో దానిలో, ఇన్నోడీబీ స్టోరేజ్ ఇంజిన్ అయితే అదే వేస్తుంది.

మోడల్ సరిగ్గా ఉన్నా క్వెరీ మోసం చేయగలదు. మొదటి వారం ఫీజు రిపోర్టులో ఒక విద్యార్థి కట్టిన మొత్తం ఇరవై రెట్లు వచ్చింది. డైరెక్టర్ గారికి ఒక నిమిషం సంతోషం, తర్వాత టెన్షన్. చేరికను ఒకవైపు చెల్లింపులతో, ఇంకోవైపు హాజరుతో ఒకేసారి జాయిన్ చేశారు, అంటే వాటి వరసలను జతకలిపారు. 3 వాయిదాలు, 20 హాజర్లు కలిసి 60 వరసలు. ప్రతి వాయిదా 20 సార్లు కూడింది. బొమ్మ చూస్తే తెలిసిపోతుంది: ఒకే ఎంటిటీ నుంచి రెండు కాకి కాళ్లు రెండు దిక్కులకు పోతుంటే, ఆ రెండింటినీ ఒకే జాయిన్‌లో కలిపి కూడకూడదు. విడివిడిగా కూడి, తర్వాత జతచేయాలి.

మేం పట్టుకోలేకపోయినది

‘చెల్లింపు ఒక చేరికకు చెందుతుంది’ అని గీశాం. ‘ఎప్పుడైనా’ అని అడిగాను కూడా. లేదన్నారు. కొత్త సిస్టమ్ మొదలైన కొన్ని వారాలకు ఒక కంపెనీ తన ఉద్యోగులు ఐదుగురి ఫీజు ఒకే బదిలీగా పంపింది. మేడమ్ దాన్ని ఐదు ముక్కలు చేసి ఐదు చెల్లింపులుగా ఎక్కించారు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చేటప్పుడు ఏదీ కలవలేదు. ఈసారి ఆమె డిలీట్ బటన్ జోలికి పోకుండా నాకు ఫోన్ చేశారు. చెల్లింపుకూ చేరికకూ మధ్య ఇప్పుడు ‘కేటాయింపు’ అనే టేబుల్ వచ్చింది. ఏ చెల్లింపులో ఎంత, ఏ చేరికకు పోయిందో అందులో ఉంటుంది. కేటాయింపుల మొత్తం చెల్లింపును దాటకూడదన్న నియమం మాత్రం బొమ్మలో గీయడానికి గుర్తు లేదు. వైట్‌బోర్డు మీద ఆ డైమండ్ పక్కన మామూలు వాక్యంగా రాసిపెట్టాం, ప్రోగ్రామ్‌లో ఆ తనిఖీ ఈ వారం పెడుతున్నాం.